ప్రధానికి నిజం చెప్పే ఉద్యోగం



1962 సెప్టెంబర్ 22. ఢిల్లీలో రక్షణ శాఖ కార్యాలయంలో ఒక సమావేశం జరుగుతోంది. ప్రధాని నెహ్రూ విదేశీ పర్యటనలో ఉన్నారు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్ ఐక్యరాజ్యసమితి సమావేశాలకని న్యూయార్క్ వెళ్లారు. అందుచేత ఆ రోజు అధ్యక్షత వహించింది ఆ శాఖలోనే మంత్రిగా ఉన్న మన గుంటూరు ఎంపీ కొత్త రఘురామయ్య. ఈశాన్య సరిహద్దులో థగ్‌లా కొండ దిగువన ధోలా అనే మన చిన్న కాపలా స్థావరం దగ్గరికి చైనా సైనికులు దిగివచ్చారు. వాళ్లను అక్కణ్ణుంచి వెళ్లగొట్టాలన్నది ప్రభుత్వ నిర్ణయం. ఆర్మీ చీఫ్ జనరల్ ప్రాణ్‌నాథ్ థాపర్‌కి అది మింగుడుపడలేదు. మనం ఇక్కడ కదిపితే వాళ్లు లద్దాఖ్‌లో దెబ్బ తీస్తారని హెచ్చరించారు. ప్రభుత్వం వెనక్కి తగ్గలేదు. అప్పుడు థాపర్ ఒక్కటే అడిగారు, ఆ ఆదేశమేదో కాగితం మీద రాసివ్వమని. రాసిచ్చారు. కింద సంతకం మంత్రిది కూడా కాదు, ఒక జాయింట్ సెక్రటరీది.

అక్టోబర్ 20న చైనా రెండు వైపులా విరుచుకుపడింది. సరిగ్గా నెల తిరిగేసరికి థాపర్ పదవి వదిలి వెళ్లిపోయారు.

ఆ కాగితం గురించి నేను తరచు ఆలోచిస్తుంటాను. పై అధికారి చెప్పింది నచ్చనప్పుడు రాతపూర్వకంగా ఇమ్మనడం మనకందరికీ తెలిసిన పద్ధతే. మండల ఆఫీసులో గుమాస్తా కూడా అదే చేస్తాడు. రేపు ఏదైనా తేడా వస్తే తన మెడకు చుట్టుకోకుండా ఉండాలని. కానీ దేశ సైన్యానికి అధిపతి అయినవాడికి ఆ రక్షణ సరిపోతుందా? కాగితం ఆయన్ను కాపాడుతుందేమో గాని, నూలు చొక్కాలతో, చాలీచాలని తూటాలతో అక్కడి నామ్‌కా చూ నది గట్టున నిలబడిన జవాన్లను కాపాడలేదు. ఇది జరిగే పని కాదు, నేను చేయించలేను, కాదంటే నా స్థానంలో ఇంకొకరిని చూసుకోండి అనగలిగిన మనిషి ఆ రోజు ఆ గదిలో ఉండి ఉంటే? అసలు ఆ కుర్చీ ఉన్నది ఆ ఒక్క మాట కోసమేనని నా నమ్మకం. ఈరోజు ప్రసంగంలో ఆ కుర్చీ గురించి, అక్కడిదాకా నడిచివెళ్లే దారి గురించి చెబుతాను.

సైన్యాధిపతి అంటే కత్తి దూసి గుర్రమెక్కి ముందు నడిచే మనిషి అనే ఊహ మనకు పురాణాలు, సినిమాలు ఇచ్చింది. ఇవాళ్టి ఆర్మీ చీఫ్ యుద్ధం నడిపించడు అంటే చాలామంది ఆశ్చర్యపోతారు. సరిహద్దు మీద యుద్ధం నడిపేది ఉధంపూర్‌లో, కోల్‌కతాలో, పుణేలో ఉండే ఆర్మీ కమాండర్లు. వాళ్ల కింద కోర్ కమాండర్లు, వాళ్ల కింద డివిజన్లు. ఢిల్లీలో కూర్చునే చీఫ్ పని ఆ సైన్యాన్ని తయారుచేయడం. మనుషుల్ని చేర్చుకోవడం, శిక్షణ ఇప్పించడం, ఆయుధాలు సమకూర్చుకోవడం, ఎవరు ఎక్కడ ఉండాలో తేల్చడం. వీటన్నిటికన్నా పెద్దది, ప్రభుత్వానికి సలహా చెప్పడం.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో ఆ పదవి పేరు కమాండర్ ఇన్ చీఫ్. 1949 జనవరి 15న ఆఖరి బ్రిటిష్ కమాండర్ ఇన్ చీఫ్ సర్ రాయ్ బుచర్ నుంచి కొడగు బిడ్డ కరియప్ప ఆ బాధ్యత తీసుకున్నారు. ఏటా జనవరి 15న మనం ఆర్మీ డే జరుపుకునేది అందుకే. 1955 ఏప్రిల్ 1 నుంచి కమాండర్ ఇన్ చీఫ్ అనే పేరు తీసేశారు. మూడు దళాలకూ ముగ్గురు చీఫ్‌లు, ముగ్గురూ సమానులు. సర్వసైన్యాధ్యక్ష హోదా రాజ్యాంగం ప్రకారం రాష్ట్రపతిది. బ్రిటిష్ కాలంలో ఢిల్లీలో వైస్రాయ్ భవనం తర్వాత అంతటి భవనం కమాండర్ ఇన్ చీఫ్‌ది. దాన్నే తర్వాత ప్రధాని నెహ్రూ నివాసంగా మార్చుకున్నారు. మనం తీన్‌మూర్తి భవన్ అంటున్నది అదే. దేశంలో ఎవరి మాట చెల్లుతుందో జవాన్లకీ జనానికీ ఇద్దరికీ ఆ ఇల్లు చూస్తే అర్థమైపోయేది. పక్క దేశంలో ఏం జరిగిందో గుర్తుచేసుకుంటే ఆ ఏర్పాటు విలువ తెలుస్తుంది. మన జయంతనాథ్ చౌధురి, పాకిస్తాన్ అయూబ్ ఖాన్ ఇద్దరూ శాండ్‌హర్స్ట్‌లో శిక్షణ పొంది 1928లోనే అధికారులైనవాళ్లు. అయూబ్ 1958లో దేశాన్నే చేతిలోకి తీసుకున్నారు. చౌధురి 1966లో పదవీకాలం ముగియగానే ఇంటికి వెళ్లారు. ఆపైన కెనడాలో హైకమిషనర్‌గా పనిచేశారు.

చౌధురి అనగానే హైదరాబాద్ రాష్ట్రపు పెద్దతరానికి గుర్తొచ్చేది వేరే సంగతి. 1948 సెప్టెంబర్‌లో నిజాం మీద జరిగిన ఆపరేషన్ పోలోలో సాయుధ డివిజన్‌తో షోలాపూర్ వైపు నుంచి వచ్చింది ఆయనే. నిజాం సేనాని ఎల్ ఎడ్రూస్ లొంగిపోయింది ఆయన ముందే. తర్వాత 1949 చివరిదాకా హైదరాబాద్‌కి సైనిక గవర్నరూ ఆయనే.

ఇక ఆ కుర్చీదాకా వెళ్లే దారి సంగతి. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల కుర్రాడు డెహ్రాడూన్‌లో శిక్షణ ముగించుకుని భుజాన రెండు నక్షత్రాలతో లెఫ్టినెంట్ అవుతాడు. లెఫ్టినెంట్ కల్నల్ దాకా సర్వీసు గడిస్తే, పరీక్షలు నెగ్గితే పదోన్నతి వస్తుంది. అక్కణ్ణుంచి దారి ఇరుకవుతుంది. కల్నల్ కావాలంటే సెలెక్షన్ బోర్డు. బ్రిగేడియర్‌కి ఇంకొకటి. మేజర్ జనరల్‌కి మరొకటి. లెఫ్టినెంట్ జనరల్‌కి ప్రత్యేక బోర్డు. ప్రతిచోటా ఎక్కువమంది ఆగిపోతారు. వయసు కూడా తరుముతూ ఉంటుంది. కల్నల్ 54కి, బ్రిగేడియర్ 56కి, మేజర్ జనరల్ 58కి, లెఫ్టినెంట్ జనరల్ 60కి ఇంటికి వెళ్లాలి. చీఫ్ అయినవాడికి మూడేళ్లు, లేదా 62 ఏళ్లు నిండేదాకా, రెండిట్లో ఏది ముందైతే అది. అంటే నలభై ఏళ్ల ఉద్యోగంలో ఎంత గొప్పవాడికైనా పుట్టినతేదీ కలిసిరాకపోతే ఆ కుర్చీ దక్కదు.

ఈ బోర్డుల ముందుకు వెళ్లేది మనిషి కాదు, అతని ఏసీఆర్‌లు. ఏటా పై అధికారి రాసే రహస్య నివేదికలు. ఒక్కో గుణానికి తొమ్మిదికి ఇన్నని మార్కులు వేస్తారు. దాన్ని ఆ పై అధికారి సమీక్షిస్తాడు, ఆయన పై అధికారి మళ్లీ చూస్తాడు. పోటీ ఎంత తీవ్రమంటే, తొమ్మిది రావాల్సినచోట ఎనిమిదో ఏడో పడితే పదేళ్ల తర్వాత బోర్డు ముందు అది లెక్కకు వస్తుంది. మరి అలాంటప్పుడు కమాండింగ్ ఆఫీసర్ ముఖాన, సార్ మీ ప్లాను తప్పు అని చెప్పే మేజర్లు ఎంతమంది ఉంటారు? నలభై ఏళ్లపాటు పైవాళ్ల మెప్పు లెక్కేసుకుంటూ ఎక్కివచ్చిన మనిషిని తీసుకెళ్లి, ఒక్కసారిగా దేశంలో అందరికన్నా పెద్ద పైవాడి ముందు నిలబెట్టి, ఇప్పుడు భయం లేకుండా నిజం చెప్పు అంటున్నాం. ఈ ఏర్పాటులో ఉన్న అసలు చిక్కు ఇదేనని నాకు అనిపిస్తుంది. పైకి రావడానికి కావలసిన గుణం ఒకటి, పైకి వచ్చాక కావలసిన గుణం మరొకటి.

అయినా ఆ రెండూ కలిసిన మనుషులు వస్తూనే ఉన్నారు. అదే మన అదృష్టం.

మానెక్‌షా కథ వినని తెలుగువాళ్లు తక్కువ. కానీ ఆయన ఉద్యోగ జీవితాన్ని మొదటినుంచీ చూడాలి. 1932లో డెహ్రాడూన్‌లో మిలిటరీ అకాడమీ తెరిచినప్పుడు చేరిన తొలి జట్టులో ఆయన ఒకరు. ఆ జట్టులోనే ఉన్న మొహమ్మద్ మూసా తర్వాత పాకిస్తాన్ సైన్యానికీ, స్మిత్ డన్ బర్మా సైన్యానికీ అధిపతులయ్యారు. 1942 ఫిబ్రవరిలో బర్మాలో సిట్టాంగ్ వంతెన దగ్గర జపనీయులతో పోరులో కెప్టెన్‌గా ఉన్న మానెక్‌షా పొట్టలో మెషీన్‌గన్ తూటాలు దిగాయి. బతకడనుకున్నారు. మిలిటరీ క్రాస్ పతకం చనిపోయినవాళ్లకి ఇవ్వరని, పై అధికారి డేవిడ్ కోవన్ తన ఛాతీ మీద ఉన్న రిబ్బన్ విప్పి, కొన ఊపిరితో ఉన్న ఆ కుర్రవాడికి అక్కడికక్కడే తగిలించారు. మానెక్‌షా ఆర్డర్లీ అయిన షేర్‌సింగ్ అనే సిపాయి ఆయన్ను మోసుకుని ఆస్ట్రేలియా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఇతను బతకడు, వేరేవాళ్లను చూస్తానని డాక్టరు అంటే షేర్‌సింగ్ వదల్లేదు, పట్టుబట్టి ఆపరేషన్ చేయించాడు. ఈ దేశపు తొలి ఫీల్డ్ మార్షల్ మనకు మిగలడానికి కారణం ఒక సిపాయి మొండిపట్టు.

ఇరవై ఏళ్ల తర్వాత అదే మానెక్‌షా మీద విచారణ వేశారు. అప్పటికి ఆయన వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీ కమాండెంట్. కృష్ణ మీనన్‌కి, ఆయన చేరదీసిన జనరల్ కౌల్‌కి నచ్చని మాటలు మాట్లాడేవారు. దేశం పట్ల విధేయత లేదన్నంత దూరం ఆరోపణలు వెళ్లాయి. విచారణలో నిర్దోషి అని తేలింది గాని పదోన్నతి ఆగిపోయింది. చైనా యుద్ధం రాకపోతే మానెక్‌షా అక్కడితో ఆగిపోయేవారే. కౌల్‌ని తప్పించి తేజ్‌పూర్‌లో నాలుగో కోర్ పగ్గాలు ఆయన చేతికి ఇచ్చారు. 1969లో ఆర్మీ చీఫ్ అయ్యారు.

1971 ఏప్రిల్ చివర. తూర్పు పాకిస్తాన్ నుంచి శరణార్థులు వరదలా వస్తున్నారు. వెంటనే సైన్యాన్ని పంపగలరా అని ఇందిరాగాంధీ మంత్రివర్గం ముందు అడిగితే, ఇప్పుడు వెళ్తే ఓడిపోతామని చెప్పానని మానెక్‌షా తర్వాతి రోజుల్లో చాలా వేదికల మీద చెప్పారు. వానలు వస్తే బెంగాల్ నదులు సముద్రాలవుతాయి, ఉత్తరాన మంచు కరిగి కనుమలు తెరుచుకుంటే చైనా కదలవచ్చు, పంజాబ్‌లో కోతల కాలం కాబట్టి రైళ్లూ లారీలూ ధాన్యానికే చాలవు, సాయుధ డివిజన్‌లో పనిచేసే టాంకులు కొద్ది. ఇవీ ఆయన చెప్పిన కారణాలు. కావాలంటే రాజీనామా ఇస్తానని కూడా అన్నారట. శ్రీనాథ్ రాఘవన్ లాంటి చరిత్రకారులు ఈ కథనాన్ని పూర్తిగా ఒప్పుకోరు. ఏప్రిల్‌లో యుద్ధానికి దిగాలనే తొందర ఇందిరకే లేదంటారు. అది గమనించదగ్గ మాట. కథలో మెరుపు కొంత తర్వాత చేరి ఉండవచ్చు. కానీ ఆ వ్యవధిలో ఏం జరిగిందో మాత్రం అందరూ ఒప్పుకుంటారు. దాదాపు ఏడు నెలలు సైన్యం తయారైంది, రోడ్లు వేశారు, మందుగుండు చేరవేశారు. సోవియట్ యూనియన్‌తో ఆగస్టులో ఒప్పందం కుదిరింది. డిసెంబర్ 3న మొదలైన యుద్ధం 16న ఢాకాలో ముగిసింది. 93,000 మంది మన చేతికి చిక్కారు. అడిగిన ప్రధాని ఉండాలి, చెప్పిన చీఫ్ ఉండాలి. ఇద్దర్లో ఏ ఒక్కరు తప్పినా ఆ గెలుపు లేదు.

చెప్పబోయి వెనక్కి తగ్గినవారూ ఉన్నారు. జనరల్ తిమ్మయ్య సామాన్యుడు కాదు. కశ్మీర్ యుద్ధంలో 1948 నవంబర్ 1న పదకొండు వేల అడుగులకు పైన జోజిలా కనుమలోకి టాంకులు ఎక్కించి శత్రువును బెదరగొట్టిన మనిషి. కొరియాలో యుద్ధఖైదీల అప్పగింతను నడిపి ప్రపంచం మెప్పు పొందినవారు. 1959 ఆగస్టు 31న, కృష్ణ మీనన్ పదోన్నతుల్లో వేలుపెట్టడం భరించలేక రాజీనామా లేఖ ఇచ్చారు. నెహ్రూ పిలిచి నచ్చజెప్పారు. తిమ్మయ్య లేఖ వెనక్కి తీసుకున్నారు. ఈలోగా వార్త పత్రికకెక్కింది. నెహ్రూ పార్లమెంటులో సైన్యాధిపతినే తప్పుపట్టారు. పౌర ప్రభుత్వమే పైచేయి అన్నది నెహ్రూ సూత్రం. సూత్రం నూటికి నూరుపాళ్లు సరైనదే. కానీ ఆ రోజు తిమ్మయ్య ఎత్తి చూపిన విషయం మరుగున పడిపోయింది. మూడేళ్లలో చైనా యుద్ధం వచ్చి దాన్ని మళ్లీ బయటికి లాగింది. ఈసారి వేల ప్రాణాలు తీసుకుని. తిమ్మయ్య అప్పటికి రిటైరయ్యారు. 1965 డిసెంబర్‌లో సైప్రస్‌లో ఐక్యరాజ్యసమితి దళానికి అధిపతిగా ఉండగా అక్కడే కన్నుమూశారు.

చీఫ్ చెప్పిందంతా నిజమే అయి తీరాలనీ లేదు. 1965 యుద్ధం ఆఖరి రోజుల్లో, ఇంకా కొన్నాళ్లు పోరాడితే గెలుస్తామా అని ప్రధాని శాస్త్రీజీ అడిగితే, మందుగుండు చాలావరకు అయిపోయిందని జనరల్ చౌధురి చెప్పారు. కాల్పుల విరమణకు ఒప్పుకున్నాం. తర్వాత లెక్క తీస్తే ముందువరుస మందుగుండులో ఖర్చయింది 14 శాతమేనని తేలింది. అదే యుద్ధంలో ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ టాంకులు దూసుకొస్తున్నప్పుడు, బియాస్ నది వెనక్కి తగ్గమని చౌధురి చెప్పారని, తాను ఒప్పుకోలేదని పశ్చిమ సైన్యాధికారి హర్బక్ష్ సింగ్ రాసుకున్నారు. తగ్గి ఉంటే అమృత్‌సర్ పోయేది. తగ్గలేదు కాబట్టి అసల్ ఉత్తర్ చెరకు తోటల్లో పాకిస్తాన్ పాటన్ టాంకులు కూరుకుపోయి పేలిపోయాయి. థాపర్ అడిగిన కాగితానికీ హర్బక్ష్ నిరాకరణకీ మధ్య మూడేళ్లే తేడా. ఒకే సైన్యం, ఒకే రకం చదువులు. నిజం చెప్పే ధైర్యం కిందివాడికీ ఉండాలి, వినే ఓర్పు పైవాడికీ ఉండాలి.

మనవాళ్ల సంగతి చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. నౌకాదళానికి తొలి భారతీయ అధిపతి మన తెలుగువాడని ఎంతమందికి తెలుసు? అడ్మిరల్ రామ్‌దాస్ కటారి. సైన్యానికి 1949లో, వైమానిక దళానికి 1954లో సుబ్రతో ముఖర్జీతో భారతీయ అధిపతులు వస్తే, నౌకాదళానికి 1958 ఏప్రిల్ దాకా ఆగాల్సివచ్చింది. బ్రిటిష్‌వాళ్లు భారతీయుల్ని నౌకాదళంలో అధికారులుగా చేర్చుకున్నదే ఆలస్యంగా. పెద్ద నౌకలు నడిపిన అనుభవం ఒక్కరోజులో రాదు. కటారి 1927లో డఫరిన్ శిక్షణ నౌకలో తొలి జట్టులో చేరిన కుర్రాడు. ఆయన హయాంలోనే 1961 డిసెంబర్‌లో గోవా విముక్తి జరిగింది. తర్వాత బర్మాలో మన రాయబారిగా పనిచేశారు.

ఎయిర్ చీఫ్ మార్షల్ ఇద్రిస్ హసన్ లతీఫ్ హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవారు. దేశ విభజన నాడు తోటి పైలట్లు అస్ఘర్ ఖాన్, నూర్ ఖాన్ పాకిస్తాన్ రమ్మని పిలిచారు. వాళ్లిద్దరూ తర్వాత అక్కడ వైమానిక దళానికి అధిపతులయ్యారు. లతీఫ్ వెళ్లలేదు. 1978లో మన దళానికి అధిపతి అయ్యారు. జాగ్వార్ విమానాలు వచ్చింది ఆయన కాలంలోనే. పదవి దిగే ముందు ధ్వని వేగానికి దాదాపు మూడు రెట్ల వేగంతో పోయే మిగ్-25 ఎక్కి చూసుకుని మరీ దిగారు.

జనరల్ కోటికలపూడి వెంకట కృష్ణారావు గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఆర్మీ చీఫ్ అయిన తెలుగువాడు. 1942 ఆగస్టులో, పందొమ్మిదేళ్లకి, అప్పుడే ఏర్పడిన మహర్ రెజిమెంట్‌లో అధికారిగా చేరారు. మహర్లు అంటే అంబేద్కర్ పుట్టిన కులం. కొన్నాళ్లు సైన్యంలో చోటు లేకుండా చేసి, యుద్ధం ముంచుకొచ్చాక 1941లో మళ్లీ పిలిచి పెట్టిన రెజిమెంట్ అది. అంటరానివాళ్లంటూ సమాజం ఊరు పక్కన పెట్టిన మనుషులతో కలిసి తిని, కలిసి పడుకుని, కలిసి పోరాడిన యువ అధికారి ఒక తెలుగు కుర్రాడు. ఆ చిన్న రెజిమెంట్ నుంచే తర్వాత సుందర్‌జీ కూడా చీఫ్ అయ్యారు.

1971 యుద్ధంలో కృష్ణారావు ఎనిమిదో మౌంటెన్ డివిజన్ అధిపతి. అప్పటిదాకా నాగాలాండ్, మణిపూర్ కొండల్లో తిరుగుబాటుదారులతో తలపడిన ఆ డివిజన్ సిల్హెట్ మీదికి వెళ్లింది. డిసెంబర్ 7న ఐదువందలకు లోపు గూర్ఖా సైనికుల్ని ఎంఐ-4 హెలికాప్టర్లలో నదికి అవతల దించారు. మన సైన్యం హెలికాప్టర్లతో చేసిన తొలి దాడి అది. లోపల ఉన్న శత్రుసేన దానికి ఎన్నో రెట్లు. వీళ్లెంతమందో వాళ్లకు తెలియకుండానే రోజుల తరబడి నిలబెట్టారు. చివరికి వేలమంది లొంగిపోయారు.

నా దృష్టిలో కృష్ణారావు చేసిన అతి పెద్ద పని యుద్ధభూమిలో జరిగింది కాదు. 1975లో సైన్యం రేపు ఎలా ఉండాలో తేల్చమని ఒక నిపుణుల సంఘం వేస్తే ఆయన్ను అధ్యక్షుణ్ణి చేశారు. తోటి సేనానులు చిబ్బర్, సుందర్‌జీ సభ్యులు. కాలినడకన సాగే పదాతి దళానికి సాయుధ వాహనాలు ఉండాలని, శత్రువు రేడియోను పట్టుకునే ఎలక్ట్రానిక్ యుద్ధానికి ఏర్పాట్లు ఉండాలని, వెనక పనుల్లో ఉండే బలగాన్ని తగ్గించి ముందు పోరాడే బలగాన్ని పెంచాలని ఆ సంఘం చెప్పింది. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫాంట్రీ రెజిమెంట్ పుట్టింది. నివేదికలకు బూజు పట్టే దేశంలో ఒక నివేదిక రెజిమెంటై కళ్లముందు నడవడం చిన్న సంగతి కాదు. 1981 జూన్ నుంచి 1983 జూలై దాకా ఆయన ఆర్మీ చీఫ్. ఆపైన నాగాలాండ్, మణిపూర్, త్రిపుర రాష్ట్రాలకి గవర్నర్. జమ్ము కశ్మీర్‌కి రెండుసార్లు గవర్నర్. 1995 గణతంత్ర దినాన జమ్ము స్టేడియంలో ఆయన ప్రసంగిస్తుండగా బాంబులు పేలాయి. కొందరు చనిపోయారు, ఆయన బయటపడ్డారు. మరుసటి ఏడాది, ఉగ్రవాదం వల్ల ఏళ్ల తరబడి ఆగిపోయిన శాసనసభ ఎన్నికలు ఆయన గవర్నర్‌గా ఉండగానే జరిగాయి.

కృష్ణారావు ఆర్మీ చీఫ్ పదవి నుంచి దిగిపోయినప్పుడు జరిగిన ఒక సంగతి కూడా చెప్పాలి. అప్పటికి అందరికన్నా సీనియర్ లెఫ్టినెంట్ జనరల్ ఎస్.కె. సిన్హా. ప్రభుత్వం ఆయన్ను కాదని ఎ.ఎస్. వైద్యకి పదవి ఇచ్చింది. సిన్హా రాజీనామా చేశారు. 2016లో బిపిన్ రావత్ ఇద్దరు సీనియర్లను దాటి చీఫ్ అయ్యారు. ఎవర్ని నియమించాలో ప్రధాని అధ్యక్షతన ఉండే మంత్రివర్గ సంఘం తేల్చుకుంటుంది. ఆ హక్కు ప్రభుత్వానికి ఉండాల్సిందే. సీనియారిటీ ఒక్కటే చూస్తే పుట్టినతేదీలే సైన్యాన్ని నడుపుతాయి. అయితే సీనియర్ని పక్కనపెట్టినప్పుడు కారణం చెప్పకపోతే, కింద ఉన్న మేజర్ జనరళ్లంతా ఎవరికి నచ్చేలా మాట్లాడాలో లెక్కలు మొదలుపెడతారు. రిటైర్మెంట్ తర్వాత దొరికే పదవుల విషయంలోనూ నాకిదే బెంగ. గవర్నరుగిరీలు, రాయబార పదవులు, ఇప్పుడైతే ఎన్నికల టికెట్లు. ఆంధ్రప్రదేశ్‌కి 1962 నుంచి రెండేళ్లు గవర్నర్‌గా ఉన్న శ్రీనాగేశ్ మాజీ ఆర్మీ చీఫ్. అంతకుముందు హైదరాబాద్ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి తొలి ప్రిన్సిపాల్. కృష్ణారావుకి ఈశాన్యంలో, కశ్మీర్‌లో ఉన్న అనుభవం ఇంకెవరికుంది? ఆ అనుభవం దేశానికి ఉపయోగపడింది. అయినా రేపటి పదవి మీద ఆశ ఇవాళ్టి నాలుకను కొంచెం మెత్తబరుస్తుంది. దిగిన తర్వాత కొన్నేళ్లపాటు ఏ పదవీ తీసుకోకూడదనే కట్టుబాటు ఉంటే చీఫ్‌లకే గౌరవం.

తెగేదాకా లాగిన సందర్భాలూ ఉన్నాయి. 1998 డిసెంబర్ 30న నౌకాదళాధిపతి అడ్మిరల్ విష్ణు భగవత్‌ని ప్రభుత్వం తొలగించింది. పదవిలో ఉన్న చీఫ్‌ని తీసేయడం స్వతంత్ర భారతంలో అదొక్కసారే. 2012లో జనరల్ వి.కె. సింగ్ తన పుట్టినతేదీ విషయమై ప్రభుత్వం మీద సుప్రీంకోర్టుకు వెళ్లి, తర్వాత పిటిషన్ వెనక్కి తీసుకున్నారు. ఇవి సైన్యాన్ని బాధపెట్టిన రోజులు.

కార్గిల్ యుద్ధం తర్వాత, 2001లోనే, మూడు దళాల తరఫున ప్రభుత్వానికి ఒకే గొంతు ఉండాలని మంత్రుల బృందం చెప్పింది. పద్దెనిమిదేళ్లకు గాని అది జరగలేదు. 2020 జనవరి 1న రావత్ తొలి త్రిదళాధిపతి అయ్యారు. ఆయనకు ముగ్గురు చీఫ్‌ల మీద ఆజ్ఞాధికారం లేదు. సలహా చెప్పేవాడు, మూడు దళాలనూ కలిపి నడిచేలా చేసేవాడు. 2021 డిసెంబర్ 8న సూలూర్ నుంచి వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి ప్రసంగానికి వెళ్తూ కూనూర్ దగ్గర హెలికాప్టర్ కూలి, భార్యతో సహా ప్రాణాలు కోల్పోయారు. ఆ హెలికాప్టర్‌లో ఆయన భద్రతా సిబ్బందిలో ఒకరు చిత్తూరు జిల్లా కుర్రాడు లాన్స్‌నాయక్ సాయితేజ. అత్యున్నత పదవిలో ఉన్న జనరల్, కింది వరుసలోని లాన్స్‌నాయక్ ఒకే ప్రయాణంలో పోయారు. ఆ వారమంతా మన ఊళ్లలో దీపాలు పట్టుకుని నడిచినవాళ్లు ఇద్దరి ఫోటోలూ పక్కపక్కనే పెట్టారు.

చీఫ్ కుర్చీదాకా వెళ్లే దారిలోనూ 2023 ఆగస్టు నుంచి ఒక మార్పు వచ్చింది. బ్రిగేడియర్, ఆ పైన ఉన్న అధికారులంతా ఏ రెజిమెంట్ నుంచి వచ్చినా ఒకే రకం టోపీ, ఒకే రకం బెల్టు, భుజం మీద ఒకే రకం గుర్తులు పెట్టుకోవాలి. గూర్ఖా అధికారి వంచిన టోపీ, సాయుధ దళంవాడి నల్ల బెరేట్, భుజాన వేలాడే రంగు తాడు అన్నీ పెట్టెలోకి వెళ్లిపోతాయి. ముప్పై ఏళ్లు ప్రాణంలా చూసుకున్న టోపీ తీసి పక్కన పెట్టడం వాళ్లకు ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. కానీ అది సరైన పనే. ఇకమీదట నువ్వు ఒక రెజిమెంట్‌కి చెందవు అని చెప్పడం అది.

చివరిగా ఒక కోరిక, శ్రోతల తరఫున కూడా అనుకుంటాను. ఏ చీఫ్ ఏ ప్రధానికి ఏం చెప్పాడన్నది మనకు ఇప్పటికీ చాలావరకు జ్ఞాపకాల ద్వారా, పుస్తకాల ద్వారా, విన్నవాళ్లు చెప్పినదాని ద్వారా తెలుస్తోంది. 1962 ఓటమి మీద హెండర్సన్ బ్రూక్స్, ప్రేమ్ భగత్ ఇచ్చిన నివేదిక 1963లోనే పూర్తయింది. కొంత భాగం 2014లో విదేశీ పాత్రికేయుడొకరు బయటపెట్టారు గాని, ప్రభుత్వం అధికారికంగా విడుదల చేయలేదు. యుద్ధాల రికార్డులను మామూలుగా 25 ఏళ్లకు బయటపెట్టాలని 2021 జూన్‌లో రక్షణ శాఖే ఒక విధానం ప్రకటించింది. ఆ లెక్కన 1962, 1965, 1971 ఫైళ్లన్నీ గడువు దాటినవే. 1971 ఏప్రిల్‌లో మంత్రివర్గం ముందు ఏం జరిగిందో కూడా వాటిలో ఎక్కడో ఉండి ఉంటుంది. రేపు డెహ్రాడూన్‌లో, ఖడక్‌వాస్లాలో, ఏళిమలలో, మన దుండిగల్‌లో చేరబోయే పిల్లలు ఆ కాగితాలు చదవాలి. థాపర్ ఏమన్నారో, మానెక్‌షా ఏమన్నారో, అడిగినవాళ్లు ఎలా విన్నారో తెలుసుకుని వాళ్లు ఉద్యోగం మొదలుపెట్టాలి. ఆ ఫైళ్లు తెరవమని పార్లమెంటులో అడగవలసింది మనం గెలిపించి పంపిన ఎంపీలే. ఈసారి వాళ్లు మీ ఊరు వచ్చినప్పుడు, రోడ్డు గురించి, మంచినీళ్ల గురించి అడిగాక, దీని గురించి కూడా ఒక మాట అడగండి.